ఏ టెండరు ఎవరికి: సరఫరాదారులకూ ఆర్‌ఎఫ్‌పీలకూ మెషీన్ లెర్నింగ్‌తో పొంతన కుదర్చే పద్ధతి

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల్లో టెండరు కాగితాలు సిద్ధం చేసిపెట్టే చిన్న కార్యాలయాలు ఉంటాయి. డిజిటల్ సంతకం తీయించడం, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) కట్టించడం, అనుభవ ధ్రువపత్రాలు స్కాన్ చేసి ఎక్కించడం వారి నిత్యకృత్యం. వీటన్నింటికంటే ముందు జరగవలసిన పని మరొకటి ఉంది. తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్, జెమ్ (ప్రభుత్వ ఈ-మార్కెట్), కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ రోజూ తెరిచి, ఆనాడు వచ్చిన టెండర్లలోనూ ఆర్‌ఎఫ్‌పీల్లోనూ (ప్రతిపాదనలు కోరే పత్రాల్లోనూ) ఏది తమ దగ్గరి ఏ సరఫరాదారుకు పనికివస్తుందో తేల్చి, వారికి సకాలంలో కబురు చేయాలి. ఈ పని చాలాచోట్ల ఒక మనిషి జ్ఞాపకం మీదే నడుస్తుంది. వారం వారం వచ్చి కూర్చునేవారు ఆయనకు గుర్తుంటారు గానీ, ఏడాదికి ఒకసారి కోస్గి నుంచి వచ్చే బెంచీల తయారీదారు గుర్తుకు రారు. అలా గుర్తుకు రానివారిని జాబితాలోకి తేవడానికి మెషీన్ లెర్నింగ్‌ను, అంటే పాత ఉదాహరణల నుంచి కంప్యూటరు నేర్చుకునే పద్ధతిని, ఎలా వాడుకోవాలో, దాన్ని ఎక్కడికి రానివ్వకూడదో ఇక్కడ వివరిస్తున్నాను. పైథాన్ తెలిసిన ఒకరు, మామూలు ల్యాప్‌టాప్, మూడు నాలుగేళ్ల పాత టెండరు కాగితాలు ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.

ముందు లెక్క, తర్వాత అర్థం

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఈ సరఫరాదారుకు ఆ టెండరు వేసే అర్హత ఉందా అన్నది మొదటిది. ఆ టెండరులో అడిగినది ఈయన చేసే పనేనా అన్నది రెండోది. మొదటి ప్రశ్నను మెషీన్ లెర్నింగ్‌కు అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం.

ఉదాహరణకు, కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన సర్క్యులర్‌లోని అర్హత సూత్రాన్నే తీసుకుందాం. గత 7 ఏళ్లలో సారూప్యమైన పనులు పూర్తిచేసి ఉండాలని అది చెబుతుంది. అంచనా విలువలో 80 శాతానికి తగ్గని పని ఒకటి, లేదా 50 శాతానికి తగ్గనివి రెండు, లేదా 40 శాతానికి తగ్గనివి మూడు ఉండాలి. దానితోపాటు గత 3 ఏళ్ల సగటు టర్నోవర్ అంచనా విలువలో కనీసం 30 శాతం ఉండాలి. అంచనా విలువ 40 లక్షలనుకుంటే 32 లక్షల పని ఒకటి గానీ, 20 లక్షల చొప్పున రెండు గానీ, 16 లక్షల చొప్పున మూడు గానీ చూపాలి, సగటు టర్నోవర్ కనీసం 12 లక్షలు ఉండాలి. ఇది పదో తరగతి పిల్లలు చేసే శాతాల లెక్క. నాలుగు వరుసల కోడుతో తప్పు లేకుండా తేలిపోతుంది. టర్నోవర్ 11 లక్షలే ఉన్న వ్యక్తికి ఏ మోడలైనా (అలా నేర్చుకున్న ప్రోగ్రాము) 1కి 0.87 అని ఎంత మంచి మార్కు వేసినా, టెక్నికల్ బిడ్ తెరిచిన రోజున అది పక్కకు పోతుంది.

అయితే ఆ షరతులోనే ఉన్న ‘సారూప్యమైన పని’ని శాతాల లెక్క తేల్చలేదు. గురుకుల పాఠశాలకు డ్యూయల్ డెస్కులు ఇచ్చినవారి అనుభవం, వైద్య కళాశాల లెక్చర్ హాలు కుర్చీల టెండరుకు పనికివస్తుందా? ధాన్యం కొనుగోలు కేంద్రాలకు తాటిపత్రులు ఇచ్చినవారు, వ్యవసాయ మార్కెట్ కమిటీ అడిగిన గోదాము కవర్లు ఇవ్వగలరా? మెషీన్ లెర్నింగ్‌కు చోటు ఇవ్వవలసింది ఈ ప్రశ్నల దగ్గర.

అర్హత నియమాలను కోడులో పాతిపెట్టకుండా, అమలు తేదీలతో సహా వేరే పట్టికలో ఉంచాలి. సూక్ష్మ సంస్థకు యంత్రాలపై పెట్టుబడి, టర్నోవర్ పరిమితులు 2025 ఏప్రిల్ 1 నుంచి 2.5 కోట్లకు, 10 కోట్లకు పెరిగాయి. అంతకుముందు అవి 1 కోటి, 5 కోట్లుగా ఉండేవి. పట్టికలో తేదీ లేకపోతే పాత టెండర్లపై పరీక్ష చేసేటప్పుడు లెక్కలు తారుమారవుతాయి. టెండరు పిలిచిన సంస్థ కేంద్రానిదా, రాష్ట్రానిదా అన్న కాలమ్ కూడా తప్పనిసరి. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలన్న విధానం, దానితో వచ్చే ఈఎండీ మినహాయింపు రాష్ట్ర సంస్థల టెండర్లకు వాటంతట అవే వర్తించవు. రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ టెండరులో ఏ సడలింపు ఉందో ఆ టెండరు కాగితంలోనే చూడాలి. పైగా ఆ మినహాయింపు తయారీదారులకూ సేవలందించే వారికీ గానీ, కొని అమ్మే వ్యాపారులకు కాదు. అందువల్ల ప్రతి సరఫరాదారు పక్కన ‘తయారీ’, ‘సేవ’, ‘వ్యాపారం’ అన్న మూడింటిలో ఒకటి రాసుకోవాలి.

కాగితం లోంచి పనికొచ్చే మాట తీయడం

ఆర్‌ఎఫ్‌పీ నూట యాభై పుటలున్నా, పని ఏమిటో చెప్పేది కొద్ది పుటల్లోనే ఉంటుంది. మిగిలినవన్నీ సాధారణ షరతులు, ప్రమాణపత్రాల నమూనాలు, మధ్యవర్తిత్వ నిబంధనలు. ఒకే శాఖ పిలిచే టెండర్లన్నింటిలో అవి అక్షరం మారకుండా తిరిగి వస్తుంటాయి. మొత్తం కాగితాన్ని మోడల్‌కు పెడితే డీజిల్ జనరేటర్ టెండరు, హౌస్ కీపింగ్ టెండరు కవలల్లా కనిపిస్తాయి, ఎందుకంటే రెండింటిలోనూ తొంభై పుటలు ఒక్కటే. దీనికి సులువైన మందు ఉంది. ప్రతి పేరాకు ఒక హ్యాష్ (పాఠాన్ని బట్టి పుట్టే గుర్తు సంఖ్య) కట్టి, అదే పేరా పది వేర్వేరు టెండర్లలో కనిపిస్తే దాన్ని తీసేయండి. మిగిలిన దాంట్లో ‘స్కోప్ ఆఫ్ వర్క్’, సాంకేతిక వివరణ, బీఓక్యూ (వస్తువుల, పరిమాణాల పట్టిక) వరుసలు, అర్హత షరతులు అన్న నాలుగింటినీ వేరు వేరుగా దాచుకోండి. బెర్ట్ తరహా భాషా మోడళ్లు సాధారణంగా ఒక్కసారికి 512 టోకెన్ల (మాటల ముక్కల) వరకే చదువుతాయి. తెలుగు మాటలు ఎక్కువ ముక్కలుగా చీలుతాయి కాబట్టి ఆ పరిమితి ఇంకా త్వరగా నిండిపోతుంది. చెత్త తీసేయకపోతే మోడల్ చదివేది నోటీసు మొదటి పుటలోని చిరునామాలు మాత్రమే.

తెలుగు ప్రకటనలతో మరో చిక్కు ఉంది. కొన్ని ప్రకటనలు ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినవి వస్తాయి. పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది, కానీ కాపీ చేసి మరోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం వస్తుంది. ప్రోగ్రాము ఎక్కడా ఆగిపోదు, ఏ తప్పూ చూపదు, ఆ గందరగోళాన్నే పాఠంగా మింగేస్తుంది. అందుకని పుట నుంచి తీసిన అక్షరాల్లో తెలుగు యూనికోడ్ పరిధిలోనివి ఎన్ని, అసలైన ఇంగ్లీషు నిఘంటు పదాలు ఎన్ని అని లెక్కపెట్టే చిన్న పరీక్ష పెట్టాలి. రెండూ తక్కువగా ఉంటే ఆ పుటను 300 డీపీఐ బొమ్మగా మార్చి, టెసరాక్ట్ అనే ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే) ప్రోగ్రాములో తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలనూ ఎంచుకొని చదివించాలి. అంకెలున్న పట్టికలను మాత్రం ఓసీఆర్ చదివాక మనిషి ఒకసారి చూడవలసిందే. 8కీ 3కీ మధ్య తేడా ఈఎండీ మొత్తాన్ని మార్చేస్తుంది.

ఊర్ల పేర్లు, సంస్థల పేర్లు

మన ప్రాంతంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడేనని చెప్పగలను, కాబట్టి కొంచెం నిదానించాలి. ఆత్మకూరు వనపర్తి జిల్లాలో ఒకటి, సూర్యాపేట జిల్లాలో ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి ఉన్నాయి. నంద్యాల, నెల్లూరు జిల్లాల ఆత్మకూర్లు అదనం. టెండరులో ఉత్త ‘ఆత్మకూరు’ అని ఉంటే పిలిచిన కార్యాలయం చిరునామాను బట్టి జిల్లాను తేల్చాలి, అదీ తేలకపోతే ఖాళీగా వదలాలి గానీ ఊహించి నింపకూడదు.

2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోవడానికి ముందు ఇచ్చిన అనుభవ ధ్రువపత్రాల్లో సూర్యాపేట, భువనగిరి పనులన్నీ నల్గొండ జిల్లా కిందే ఉంటాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పనులన్నీ మహబూబ్‌నగర్ కింద ఉంటాయి. నారాయణపేట ఇంకా ఆలస్యంగా, 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది. కాబట్టి జిల్లా పేరును నమ్ముకోకుండా మండలం పేరు పట్టుకొని, దాన్ని నేటి జిల్లాకు ముడిపెట్టే పట్టిక ఒకటి తయారుచేసుకోవాలి. సంస్థల పేర్లు కూడా అంతే. 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారడంతో విద్యుదుత్పత్తి సంస్థ టీఎస్‌జెన్కో టీజీజెన్కో అయింది, పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీఎస్ఐఐసీ టీజీఐఐసీ అయింది. మారు పేర్ల పట్టిక లేకపోతే, జెన్కో వారి దామరచర్ల యాదాద్రి థర్మల్ కేంద్రంలో అయిదేళ్లుగా పనిచేస్తున్న సరఫరాదారుకు ఆ సంస్థతో పరిచయమే లేదని మోడల్ అనుకుంటుంది.

పేరుతో వచ్చే ఇంకో బోల్తా ఏమిటంటే, కొన్ని ఊళ్లు వస్తువులు కూడా. తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఆ పేరు వేరే రాష్ట్రం వారి నీటి శుద్ధి టెండరులో కనిపిస్తే, పేర్లు వెతికే ప్రోగ్రాము దాన్ని నల్గొండ జిల్లా టెండరుగా గుర్తిస్తుంది. నారాయణపేట చీరలు, గద్వాల చీరలు, పోచంపల్లి ఇక్కత్ అని హైదరాబాద్ శాఖలు పిలిచే టెండర్లలోనూ ఇదే జరుగుతుంది. ఊరి పేరు తర్వాత చీర, ఇక్కత్, టెక్నిక్ లాంటి మాట ఉంటే దాన్ని స్థలంగా కాక వస్తువుగా లెక్కించే నియమం పెట్టుకోండి.

సరఫరాదారు వివరాలు ఎలా పెట్టాలి

లక్ష్మీనరసింహస్వామి పేరు మీద ట్రేడర్స్, ఎంటర్‌ప్రైజెస్ ఉమ్మడి నల్గొండలో ఎన్ని ఉన్నాయో ఆ స్వామికే తెలియాలి. పేరుతో ఒకరిని మరొకరి నుంచి వేరుచేయలేరు. 15 అక్షరాల జీఎస్టీ సంఖ్యలో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. తర్వాతి పది అక్షరాలు పాన్. ఆ పది అక్షరాలనే తాళంచెవిగా వాడితే ఒకే సంస్థ రెండు రాష్ట్రాల్లో నమోదై ఉన్నా ఒక్కచోటికి వస్తుంది.

అన్నింటికంటే ముఖ్యంగా, సరఫరాదారును ఒకే వాక్యంలో వర్ణించవద్దు. ఆయన చేసిన ఒక్కో పనికీ ఒక్కో వరుస ఉండాలి. ఏ సంస్థకు, ఏ వస్తువు, ఎంత సామర్థ్యం, ఎంత విలువ, ఏ సంవత్సరం, ఎన్ని రోజుల్లో పూర్తిచేశారు అన్నవి అందులో ఉండాలి. ఉద్యమ్ (చిన్న సంస్థల) నమోదులోని ఎన్‌ఐసీ (పరిశ్రమ రకం) కోడ్, ఇన్‌వాయిస్‌లోని హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకం) కోడ్ కూడా చేర్చండి. నమోదు రోజున ఎవరో ఎంచిన కోడ్‌ను పూర్తిగా నమ్మడానికి వీల్లేదు గానీ, ఇన్‌వాయిస్ కోడ్ మాత్రం పన్ను కట్టిన వస్తువుది కాబట్టి దానికి ఎక్కువ బరువు ఇవ్వవచ్చు.

సరఫరాదారు తన సరుకును ఏ మాటతో పిలుస్తారో కూడా అడిగి రాసుకోండి. టెండరులో ఇంగ్లీషులో ‘గన్నీ బ్యాగ్స్’ అని ఉంటుంది, మిర్యాలగూడ మిల్లుల దగ్గర అదే బార్దాన్, రైతుల దగ్గర గోనె సంచులు. ఈ పర్యాయపదాల జాబితా మొదట్లో మోడల్ కంటే ఎక్కువ పని చేసిపెడుతుంది.

పొంతన కుదర్చడం

రెండు రకాల వెతుకులాట పక్కపక్కన నడపండి. మొదటిది మాటకు మాట సరిచూసే బీఎం25. ఇది పాతది, చవకైనది, వస్తువు పేరు కచ్చితంగా ఉన్నచోట దీన్ని ఓడించడం కష్టం. రెండోది అర్థాన్ని అంకెల వరుసగా మార్చే ఎంబెడింగ్. టెండరు ఇంగ్లీషులో, సరఫరాదారు వివరాలు తెలుగులో ఉంటాయి కాబట్టి బహుభాషా మోడల్ కావాలి. గూగుల్ వారి లాబ్సే తెలుగును బాగానే పట్టుకుంటుంది గానీ, అది అనువాద వాక్యాలను జతచేయడానికి శిక్షణ పొందినది. వెతుకులాటకు మల్టీలింగ్వల్ ఈ5 మేలు. దానికి ప్రశ్న ముందు ‘క్వెరీ’, పాఠం ముందు ‘పాసేజ్’ అన్న గుర్తును మోడల్ పత్రంలో చెప్పిన రూపంలోనే పెట్టాలి, మరచిపోతే ఫలితం నీరసిస్తుంది. మ్యూరిల్ మన భాషల కోసం చేసిన మంచి పునాది మోడలే, కానీ శిక్షణ ఇవ్వకుండా నేరుగా పోలికలకు వాడితే నిరాశ తప్పదు.

టెండరును సరఫరాదారు పనులన్నింటితో విడివిడిగా పోల్చి, అన్నింటికంటే ఎక్కువ వచ్చిన మార్కునే తీసుకోవాలి. సగటు తీయకూడదు. హాస్టళ్లకు కూరగాయలు, పాఠశాలలకు ఇనుప మంచాలు రెండూ ఇచ్చే దేవరకొండ వ్యాపారికి సగటు తీస్తే, ఆయన రెండింటిలో దేనికీ చెందకుండా పోతారు.

రెండు జాబితాలను కలపడానికి మార్కులను కూడవద్దు, వాటి కొలతలు వేరు. స్థానాలను కలిపే ఆర్‌ఆర్‌ఎఫ్ పద్ధతి చాలు. ప్రతి జాబితాలోని స్థానానికి 60 కలిపి, ఆ మొత్తంతో 1ని భాగించి, రెండింటినీ కూడాలి. ఒకరు బీఎం25లో 2వ స్థానంలో, ఎంబెడింగ్‌లో 15వ స్థానంలో ఉంటే మొత్తం 0.0295 వస్తుంది. మరొకరు 5, 6 స్థానాల్లో ఉంటే 0.0305 వస్తుంది. రెండు దారుల్లోనూ ఓ మోస్తరుగా కుదిరినవారు పైకి వస్తారు. కొన్ని వందల సరఫరాదారులకు వెక్టర్ డేటాబేస్ అక్కర్లేదు, పైథాన్‌లోని నంపైతో ఒక మాత్రిక గుణకారం రెప్పపాటులో అయిపోతుంది.

ఎంబెడింగ్‌కు అంకెలు సరిగా ఆనవు. గంటకు 500 లీటర్ల ఆర్‌ఓ ప్లాంటు, 5,000 లీటర్ల ప్లాంటు దానికి దాదాపు ఒకటే. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు చేసే షెడ్డును పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ టెండరుకు అది ఉత్సాహంగా సిఫారసు చేస్తుంది. సామర్థ్యం, పరిమాణం, ప్రమాణాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో (అక్షరాల నమూనాతో వెతికే సూత్రాలతో) వేరుగా తీసి, సరఫరాదారు ఇదివరకు చేసిన గరిష్ఠ సామర్థ్యంతో పోల్చే కాలమ్ తయారుచేయాలి.

దేని నుంచి నేర్పాలి

సహజంగా తోచే ఆలోచన, పాత టెండర్లు ఎవరికి దక్కాయో చూపి మోడల్‌కు నేర్పడం. నేను దీన్ని సమర్థించను. పని దక్కడంలో ధర ఉంది, పోటీ ఉంది, ఇంకా మనం కాగితం మీద పెట్టలేనివి ఉన్నాయి. ఆ లెక్కన నేర్చిన మోడల్, ఎప్పుడూ గెలిచే నలుగురి పేర్లే ప్రతి టెండరుకూ చెబుతుంది. ఆ నలుగురికి ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్లు పొద్దున్నే పోర్టల్ చూసుకుంటారు. టెండరు వేయని వారందరినీ ‘పొంతన లేనివారు’గా లెక్కించడం అంతకంటే పెద్ద పొరపాటు. వారిలో చాలామందికి ఆ ప్రకటన వచ్చినట్టే తెలియదు.

అందుకు బదులుగా సరఫరాదారులనే అడగండి. వాట్సాప్‌లో టెండరు సారాంశం పంపి, ‘చూస్తాను’, ‘మా పని కాదు’, ‘మా పనే గానీ అర్హత చాలదు’, ‘ఇప్పుడు వీలు కాదు’ అన్న నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచమనండి. అర్థాన్ని నేర్పే శిక్షణలో రెండోది ఒక్కటే వ్యతిరేక ఉదాహరణ. మూడోది మీ అర్హత పట్టికలో లోపం ఉందని చెబుతుంది, నాలుగోది శిక్షణలోకి రాకూడదు. ఈ తేడా పాటించకపోతే, నాట్ల రోజుల్లో ట్రాక్టర్లన్నీ పొలాల్లో ఉండి వద్దన్న రవాణాదారుకు రవాణా పనే రాదని మోడల్ నేర్చుకుంటుంది.

కొన్ని వందల జవాబులు పోగయ్యాక లాజిస్టిక్ రిగ్రెషన్ (ఒక్కో అంశానికి బరువిచ్చి అవకాశాన్ని లెక్కించే సరళ పద్ధతి) మొదలుపెట్టవచ్చు. రెండు వెతుకులాటల స్థానాలు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కలిసిందా లేదా, అంచనా విలువకూ సరఫరాదారు చేసిన అతిపెద్ద పనికీ నిష్పత్తి, అదే శాఖతో పాత అనుభవం, రోడ్డు దూరం, గడువుకు మిగిలిన రోజులు అన్న ఏడెనిమిది అంశాలు చాలు. దూరాన్ని మ్యాపు మీద గీత గీసి కొలవవద్దు. కొల్లాపూర్ నుంచి కృష్ణ అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, లారీ మాత్రం చుట్టూ తిరిగి వెళ్లాలి. జవాబులు వేలల్లోకి వెళ్లాక లైట్‌జీబీఎం అనే ప్రోగ్రాములోని లామ్డార్యాంక్ (జాబితాలో ఎవరు ముందుండాలో నేర్చుకునే పద్ధతి) ప్రయత్నించండి, అంతకుముందు అది శిక్షణ సమాచారాన్ని బట్టీ పట్టడమే చేస్తుంది.

పరీక్ష

పాత సమాచారాన్ని కలగలిపి చీటీలు తీసినట్టు విడదీయకూడదు. ఒక మార్చి 31 వరకు ఉన్నవాటితో నేర్పి, ఏప్రిల్ 1 తర్వాత వచ్చినవాటిపై పరీక్షించాలి. కలగలిపితే ఒకే టెండరు రెండోసారి పిలిచిన కాపీ అటూ ఇటూ చేరి, మోడల్ తెలివైనదని మనల్ని భ్రమింపజేస్తుంది. చూడవలసిన మొదటి కొలత రీకాల్. ‘చూస్తాను’ అన్నవారిలో ఎందరు మన మొదటి 20 పేర్లలో ఉన్నారన్నది అది. అక్కర్లేని సందేశం ఒకటి వస్తే సరఫరాదారు తుడిచేస్తారు, రావలసిన సందేశం రాకపోతే ఏడాది వ్యాపారం పోవచ్చు. పర్యాయపదాల జాబితాతో నడిచే ఉత్త బీఎం25ను పక్కన పెట్టుకొని పోల్చండి. కొత్త మోడల్ దానికంటే స్పష్టంగా మెరుగు కాకపోతే పాతదే ఉంచండి.

నడిపేటప్పుడు

పంపే సందేశంలో మార్కు కాక కారణం ఉండాలి: ‘2022లో మీరు నాగార్జునసాగర్ గురుకులానికి ఇచ్చిన ఆర్‌ఓ ప్లాంటుతో పోలి ఉంది, టర్నోవర్ సరిపోతుంది, అనుభవ పత్రం ఒకటి తక్కువ.’ ఇలా ఉంటే తప్పు ఎక్కడుందో సరఫరాదారే చెప్పగలుగుతారు. ప్రతి టెండరు జాబితాలో రెండు మూడు స్థానాలు ఇంకా చరిత్ర లేని కొత్తవారికి కేటాయించండి, లేకపోతే వారి గురించి మోడల్‌కు ఎన్నటికీ తెలియదు.

ఒక టెండరుకు ఇంకా ఎవరెవరికి సందేశం వెళ్లిందో ఏ సరఫరాదారుకూ తెలియనివ్వకూడదు. ఆ జాబితా బయటికి వస్తే రింగు కట్టడానికి (పోటీదారులు ముందే కుమ్మక్కవడానికి) మీరే సాయపడినట్టవుతుంది. బిడ్ రిగ్గింగ్ 2002 నాటి కాంపిటీషన్ చట్టంలోని 3వ సెక్షన్ కింద నిషిద్ధం. ధరలు ఊహించే మోడల్ కట్టమని ఎవరైనా అడిగినా, పోటీదారులందరి కాగితాలూ మీ దగ్గరే ఉన్నప్పుడు ఆ జోలికి వెళ్లకండి. ఏకవ్యక్తి సంస్థల పాన్, ఫోను నంబర్లు వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి, వాటికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. ఆధార్ ప్రతులు మోడల్‌కు ఎందుకూ పనికిరావు, దాచవద్దు. పోర్టల్ క్యాప్చా పెట్టినచోట దాన్ని దాటే ప్రోగ్రాములు రాయకుండా, మనిషి దించిన ఫైళ్లతోనే పని నడపండి.

చివరగా కొరిజెండం, అంటే టెండరు సవరణ ప్రకటన, సంగతి. గడువు పెరిగినా, టర్నోవర్ షరతు తగ్గినా, బీఓక్యూలో ఒక వరుస మారినా పాత టెండరు సంఖ్య కిందే సవరణ వస్తుంది. ప్రోగ్రాము దాన్ని ఇదివరకు చూసిన టెండరుగా భావించి వదిలేయకుండా, సవరణ వచ్చిన ప్రతిసారీ అర్హత లెక్కను మొదటి నుంచి మళ్లీ నడపాలి. మొన్న అర్హత చాలదన్న సరఫరాదారుకు ఇవాళ అర్హత వచ్చి ఉంటే సందేశం ఆ రోజే వెళ్లాలి. ఈఎండీ కట్టి, పత్రాలు ఎక్కించడానికి వారికి రెండు మూడు పనిదినాలైనా కావాలి.